సూర్యుడి అలలకూ కాస్త చోటివ్వండి

సంపాదకుల వారికి,

గ్రహణం నాడో, ఎండలు మండే వేళో తప్ప మన పత్రికల్లో సూర్యుడి ఊసు కనబడకపోవడం భౌతికశాస్త్రం బోధించిన నాకు బాధ కలిగిస్తోంది. సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ కాగా, దానిపైన ఉన్న బాహ్య వాతావరణమైన కరోనాలో అది 10 లక్షల డిగ్రీలు దాటుతుంది. పొయ్యికి దూరం జరిగేకొద్దీ సెగ పెరిగినట్టుండే ఈ వింతకు పూర్తి సమాధానం ఇంకా దొరకలేదు. బిగించిన వీణ తీగపై కంపనంలా అయస్కాంత బలరేఖల వెంట అలలు సాగుతాయని 1942లో స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త హానెస్ ఆల్ఫ్‌వెన్ ప్రతిపాదించారు. ఆ అలల శక్తి ఎక్కడ, ఎలా వేడిగా మారుతుందో తేల్చడానికి శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లో సూర్య వాతావరణాన్ని అసంఖ్యాకమైన చిన్న గడులుగా విభజించి, ఒక్కో గడిలో పీడనం, సాంద్రత, వేగం, అయస్కాంత క్షేత్రం క్షణక్షణానికీ ఎలా మారతాయో లెక్కగడతారు. సుమారు ఐదు నిమిషాలకోసారి ఊగే ఉపరితలం నుంచి బయలుదేరిన ధ్వని తరంగం, ధ్వనివేగమూ, అయస్కాంత అలలు సాగే వేగమైన ఆల్ఫ్‌వెన్ వేగమూ సమానమయ్యే ఎత్తుకు చేరాక కొంతమేర అయస్కాంత తరంగంగా మారిపోవడాన్ని ఈ లెక్కల్లో కళ్లారా చూడవచ్చు. నాకు ఇంతకంటే అందమైన దృశ్యం తెలియదు. అయితే గడులు పెద్దవైతే సన్నని అలలు కృత్రిమంగా చెరిగిపోతాయి కనుక, ఫలితాలను పరిశీలనలతో పోల్చక తప్పదు. 2024 జనవరి నుంచి మన ఆదిత్య-ఎల్1 వ్యోమనౌక సూర్యుణ్ణి ఎడతెగకుండా గమనిస్తున్నది.

1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల నుంచి పరిశీలించారు. అటువంటి వారసత్వమున్న హైదరాబాద్ విద్యార్థుల కోసం మీ ఆదివారం అనుబంధంలో నెలకొక పుటనైనా ఈ పరిశోధనలకు కేటాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
తార్నాక, హైదరాబాద్