బయటపడిందా, బయటపెట్టారా?

సంపాదకుల వారికి నమస్కారం.

గత వారం మీ పత్రిక మూడో పేజీలో 'వెలుగులోకి వచ్చిన లెక్కల గోల్‌మాల్' అనే వార్త చదివాను. అదే వార్త ఒక ఇంగ్లిష్ పత్రికలోనూ చూశాను. అక్కడ మొదటి వాక్యంలోనే ఆడిటర్లు ఉన్నారు. ఆ గోల్‌మాల్‌ను వాళ్లు 'అన్‌కవర్' చేశారని రాశారు. మన వార్తలో ఆ గోల్‌మాల్ ఎవరి ప్రమేయమూ లేకుండా వెలుగులోకి వచ్చినట్టుంది. ఆడిటర్ల ఊసు ఆరో వాక్యంలో 'అధికారుల పరిశీలనలో' అన్న చోట ఉంది, అంతే.

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదం చేయడమే ఇరవై రెండేళ్లుగా నా పని. రిపోర్టులు, కరపత్రాలు, కోర్టు కాగితాలు, ఏది వస్తే అది. ఈ ఒక్క క్రియ గురించి మీకు రాయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను.

కవర్ అంటే కప్పు, అన్‌కవర్ అంటే కప్పింది తీసేయి. నిఘంటువు చూస్తే ఇంతే. పనిలో దిగితే తెలుస్తుంది కష్టం. దేనితో కప్పారన్నది ఇంగ్లిష్ పట్టించుకోదు, అన్నిటికీ ఒకటే మాట వాడేస్తుంది. తెలుగుకు అది తెలియాలి. గిన్నె అయితే మూత తీస్తాం, నిద్రపోతున్న మనిషయితే దుప్పటి లాగుతాం, ముఖమైతే ముసుగు తొలగిస్తాం, తల అయితే టోపీ తీస్తాం. కప్పింది ఏమిటో తెలియకుండా మనకు క్రియ దొరకదు. ఒకసారి ఒక వైద్య కరపత్రం సరిచూడమని నా దగ్గరకు పంపారు. అందులో 'గాయాన్ని బహిర్గతం చేయరాదు' అని ఉంది. ఇంగ్లిష్‌లో ఉన్నది అన్‌కవర్. 'గాయం మీది కట్టు విప్పకండి' అని మార్చాను. మొదటి వాక్యం చదివిన రోగి, గాయం గురించి ఎవరికీ చెప్పకూడదేమో అనుకునే ప్రమాదం ఉంది. కట్టు అనే చిన్న మాట పెడితే ఆ ప్రమాదం లేదు.

ఇక కంటికి కనిపించని కప్పుల సంగతి. రహస్యం, కుట్ర, అబద్ధం, మోసం. ఇక్కడ తెలుగుకు కొదవేమీ లేదు. గుట్టు రట్టవుతుంది, బండారం బయటపడుతుంది, అసలు రంగు తెలుస్తుంది, మిస్టరీ వీడుతుంది, నిజం నిగ్గు తేలుతుంది. ఇంగ్లిష్ కవర్-అప్‌కు మన 'కప్పిపుచ్చడం' అచ్చంగా సరిపోతుంది, అందులోనూ కప్పడమే ఉంది. నివురు గప్పిన నిప్పు అన్నప్పుడు మనం చూస్తున్నదీ ఒక కప్పునే. ఇన్ని మాటలున్న భాషకు మాటల కరువుందని అనడం లేదు నేను.

నా బాధ వేరే. పైన రాసిన మాటలన్నీ మరోసారి చూడండి. రట్టవుతుంది, బయటపడుతుంది, వీడుతుంది, తేలుతుంది. అన్నీ వాటంతట అవే జరిగిపోయే పనులు. చేసిన మనిషి ఒక్క దాంట్లోనూ లేడు. అన్‌కవర్ అనే క్రియకు మామూలుగా ముందు ఒక కర్త కావాలి. ఎవరో ఒకరు చెయ్యి చాచి ఆ కప్పు తీయాలి. మనకు ఆ జత మాటలు లేక కాదు. బయటపడు పక్కనే బయటపెట్టు ఉంది. వెలుగులోకి రావడం ఉంది, తేవడం ఉంది. తేలు, తేల్చు. వీడు, విప్పు. ఈ జతల్లో శీర్షికలకు ఎక్కేది మాత్రం ఎక్కువగా మొదటి మాటే. శీర్షికలో చోటు తక్కువ, అది పొట్టిగా ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ వార్త లోపల కూడా అదే రాస్తున్నాం.

ఈ తేడా నాకు నేర్పింది ఒక అకౌంటెంట్. పదకొండేళ్ల కిందట ఒక సంస్థ ఆడిట్ రిపోర్టు నేను తెలుగు చేశాను. అందులో ఒక వాక్యాన్ని 'ఆడిట్‌లో నకిలీ వోచర్లు బయటపడ్డాయి' అని రాసి, హాయిగా చదవగలిగే వాక్యమని సంతోషపడ్డాను. రిపోర్టు అచ్చయ్యాక, ఆ ఆడిట్ చేసిన అకౌంటెంట్ ఆవిడ ఫోన్ చేశారు. కోపంగా లేదు గొంతు, అలసటగా ఉంది. "అవి బయటపడలేదండీ, నేను బయటపెట్టాను" అన్నారు. నాలుగు నెలల పాటు ఒక్కో వోచరూ తీసి, దాని మీది సంతకాన్ని హాజరు పట్టీలోని సంతకంతో పోల్చి చూశారట. సెలవులో ఉన్న రోజున ఒక ఉద్యోగి సంతకం పెట్టినట్టు కనిపించిన మొదటి కాగితం దగ్గర ఆగి, మిగిలినవన్నీ మళ్లీ మొదటి నుంచి తిరగేశారట. ఆ పని చేయొద్దని ఇద్దరు పెద్దలు చెప్పి చూశారట. "మీరు రాసింది చదివితే అల్మారా తలుపు తీయగానే అవే కింద పడ్డట్టుంది" అన్నారు. నేను క్షమాపణ చెప్పాను. కానీ రిపోర్టు అప్పటికే అచ్చయిపోయింది.

ఆ రోజు నుంచి అన్‌కవర్ అని కనిపించిన ప్రతిచోటా, ఎవరు తీశారు, దేన్ని తీశారు అని మార్జిన్‌లో రాసుకున్నాకే తెలుగు మొదలుపెడుతున్నాను.

వాటర్‌గేట్‌నే తీసుకోండి. 'వాటర్‌గేట్ కుంభకోణం బయటపడటంతో నిక్సన్ రాజీనామా చేశారు' అని మన పత్రికల్లో చదువుతుంటాం. 1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ అనే ఆ భవనంలో ఫ్రాంక్ విల్స్ అనే 24 ఏళ్ల సెక్యూరిటీ గార్డు డ్యూటీలో ఉన్నాడు. తలుపు గడియ పడకుండా ఎవరో దాని మీద టేపు అంటించి ఉండటం చూసి, ఊడబీకేశాడు. కాసేపటికి మళ్లీ వచ్చి చూస్తే మళ్లీ టేపు ఉంది. అప్పుడు పోలీసులకు ఫోన్ చేశాడు. లోపల నిక్సన్ ప్రత్యర్థి పార్టీ ఆఫీసులో చొరబడ్డ ఐదుగురు దొరికారు. కప్పు తీయడమనే మాటకు ఇంతకన్నా అసలైన అర్థం ఏముంటుంది? తలుపు మీద అంటించినదాన్ని పెరికిన ఆ చెయ్యి దగ్గర మొదలై, విలేకరులు, కోర్టులు, సెనేట్ కమిటీ కలిసి రెండేళ్లు ఒక్కో పొరా తీస్తూ పోతే 1974 ఆగస్టు 9న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవి దిగాడు. ఇంత మంది చేసిన పనిని 'బయటపడటంతో' అన్న ఒక్క మాటతో దాటేయడం నాకు మనసొప్పదు.

తవ్వకాల వార్తల్లోనూ అంతే. ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖమూన్ సమాధికి దారితీసే మొదటి మెట్టు 1922 నవంబర్ 4న పురావస్తు పరిశోధకుడు హోవార్డ్ కార్టర్ బృందానికి కనిపించింది. రాజు ముఖం మీది బంగారు తొడుగు దాకా చేరేసరికి 1925 వచ్చింది. ఒకదానిలో ఒకటిగా నాలుగు బంగారు పూత మందిరాలు, వాటిలో రాతి పెట్టె, దానిలో మళ్లీ ఒకదానిలో ఒకటిగా మూడు శవపేటికలు. ఆఖరిది దాదాపు 110 కిలోల బంగారం. అంత్యక్రియల్లో పోసిన జిగురు గట్టిపడి అది తన చుట్టూ ఉన్న రెండో పేటికకు అతుక్కుపోయింది. వీటిలో ఏ ఒక్క మూతా దానంతట అది తెరుచుకోలేదు. ఇలాంటి చోట 'మమ్మీ బయటపడింది' అంటే పనివాళ్లకూ న్యాయం కాదు, పాఠకుడికీ ఏమీ తెలియదు.

బయటపడు అనే మాటే తప్పని నేను అనడం లేదు. 1974లో చైనాలో షియాన్ దగ్గర రైతులు నీళ్ల కోసం బావి తవ్వుతుంటే మట్టితో చేసిన ప్రాచీన సైనికుల బొమ్మల ముక్కలు కనిపించాయి. వాళ్లు వాటి కోసం వెతకలేదు, కాబట్టి అక్కడ బయటపడ్డాయి అన్నదే సరైన మాట. తుపాను ఇసుకను తోడేస్తే పాత ఓడ బయటపడుతుంది. వెతికిన మనిషి లేనిచోట ఆ క్రియను సంతోషంగా వాడుకుందాం. ఇంగ్లిష్ వాళ్లు కూడా కర్మణిలో రాసి మనిషిని దాచేస్తుంటారు, అలాంటప్పుడు మన పత్రిక డెస్క్ ఇంకో వార్తా ఏజెన్సీ కాపీ తెప్పించుకుని చూస్తే మంచిది.

ఇంకో రెండు విషయాలు, త్వరగా చెప్తాను. పోలీసులు కుట్రను అన్‌కవర్ చేశారని ఉంటే మనం 'కుట్ర భగ్నం' అని రాస్తున్నాం. భగ్నం చేయడమంటే జరగకుండా ఆపడం. కనిపెట్టడం వేరు, ఆపడం వేరు. కనిపెట్టేసరికే జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉండొచ్చు. రెండోది ఇంతకన్నా ముఖ్యం. అన్‌కవర్ అన్నా బయటపెట్టారన్నా, అక్కడ నిజంగా ఏదో దాగి ఉందని మనం ఒప్పుకున్నట్టే. కేసు ఇంకా తేలనప్పుడు 'కుట్రను బయటపెట్టారు' అని రాస్తే తీర్పు మనమే ఇచ్చేసినట్టవుతుంది. అక్కడ 'కుట్రను కనిపెట్టామని పోలీసులు చెబుతున్నారు' అనాలి. వాక్యం పొడవైనా ఫరవాలేదు. ఒకరి పరువు ఆ రెండు మూడు మాటల మీద ఆధారపడి ఉంటుంది.

మీ డెస్క్‌లో పనిచేసేవాళ్లకు ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు. రాత్రి పేజీ వదలాల్సిన వేళకు క్రియల గురించి ఆలోచించే తీరిక ఉండదు. అందుకే సులువైన మాట ఒకటి సూచిస్తున్నాను. విప్పు. కప్పుకు ఎదురుగా నిలబడే అచ్చ తెలుగు మాట. మూటా విప్పుతాం, కట్టూ విప్పుతాం, చిక్కుముడీ గుట్టూ కూడా విప్పుతాం. 'గుట్టు విప్పిన ఆడిటర్లు' అంటే శీర్షికలో మూడే మాటలు, మనుషులు కూడా అందులోనే ఉన్నారు.

మూడో పేజీ వార్త విషయంలో నా విన్నపం ఒకటే. ఆ లెక్కలు పట్టుకున్నది ఏ విభాగం ఆడిటర్లో ఇంగ్లిష్ కాపీలో ఉంది. వాళ్ల పేర్లు అక్కర్లేదు, విభాగం పేరు చాలు. దయచేసి ఒక సవరణ వేయండి, అదే పేజీలో.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక అనువాదకురాలు