సాలెపురుగు పెట్టెలో మా తప్పులు, వాటికి దిద్దుబాట్లు

నమస్తే అండీ. డిసెంబరు పెట్టె తీసుకున్న అందరికీ ఈ ఉత్తరం. జనవరి పెట్టె ఎప్పుడు వస్తుందని చాలామంది అడుగుతున్నారు, అదీ చెబుతాను. ముందు సాలెపురుగు సంగతి తేల్చుకోవాలి.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని చేసుకునే పనులను నెలకో పెట్టెలో సర్ది పంపుతుంటాం. విజయవాడలో మా ఇంటి ముందుగదే ఆఫీసు, గోడౌను, అన్నీ. నేను, మా ఆడపడుచు, సాయంత్రాలు ప్యాకింగుకు వచ్చే ఇద్దరమ్మాయిలు, అంతే మేం. డిసెంబరు పెట్టెలో నల్ల బంకమట్టి, కాళ్లు చేయడానికి పైప్ క్లీనర్లు, గూడు అల్లడానికి అంచున గాట్లు పెట్టిన అట్ట పళ్లెం, ఊలు ఉండ, చిన్న భూతద్దం, బొమ్మల కార్డులు పెట్టాం.

మొదటి తప్పు పూర్తిగా నాదే. పై కార్డు మీద సాలెపురుగు బొమ్మకు ఎనిమిది కాళ్లూ ఉన్నాయి కానీ అందులో నాలుగు పొట్టకు అతుక్కుని ఉన్నాయి. అసలైతే సాలెపురుగు ఒళ్లు రెండు భాగాలు. కళ్లు, నోరు, ఎనిమిది కాళ్లు ముందు భాగానికే ఉంటాయి. వెనకున్న పొట్టకు ఒక్క కాలూ ఉండదు, దాని చివర దారం తీసే గొట్టాల్లాంటివి ఉంటాయి. బొమ్మ కొన్నప్పుడు నేను కాళ్లు లెక్కపెట్టానే గానీ అవి ఎక్కడి నుంచి మొలిచాయో చూడలేదు. కాకినాడలో ఒక అయిదేళ్ల బాబు మేం పంపిన భూతద్దంతోనే బాత్రూము గోడ మీదున్న దాన్ని చూసి, “అమ్మా, వీళ్ల బొమ్మ తప్పు” అన్నాడట. వాళ్లమ్మగారు ఫొటో పంపారు. సిగ్గేసింది, అంతకు రెట్టింపు సంతోషమూ వేసింది.

అదే కార్డు వెనక “ఎనిమిది కాళ్ల కీటకం” అని వేశాం. అదీ తప్పే. కీటకానికి ఆరు కాళ్లు, ఒంట్లో మూడు భాగాలు, తల మీద మీసాల్లాంటి స్పర్శకాలు ఉంటాయి. సాలెపురుగు తేలుకు చుట్టం, చీమకు కాదు. పేరులోనే పురుగు ఉంది కదా అని ఒకరు మమ్మల్ని వెనకేసుకొచ్చారు. పురుగు అనడంలో నాకేం తప్పు కనబడదు. “పురుగూ పుట్రా” అంటూ మనం పామును కూడా ఆ లెక్కలోకే తోసేస్తాం. కీటకం అని రాశాక మాత్రం ఆ సాకు చెల్లదు.

రెండో తప్పు ఎవరు పట్టుకున్నారో చెప్తే నవ్వుతారు. మంగళగిరి నుంచి ఒక తాతగారు ఫోన్ చేశారు. మగ్గం మీద పనిచేసి మానుకున్న మనిషి. మనవరాలితో కూర్చుని పళ్లెం మీద గూడు అల్లబోతే కార్డులో రెండో మెట్టు, మూడో మెట్టు తారుమారయ్యాయి. ముందు గుండ్రంగా చుట్టండి, తర్వాత అడ్డంగా దారాలు లాగండి అని వేశాం. “పడుగు లేకుండా పేక దేనికి వేస్తావమ్మా?” అన్నారాయన. నా దగ్గర సమాధానం లేదు. సాలెలంటేనే నేతగాళ్లు కదా, సాలీడు కూడా ఆ వరసలోనే పనిచేస్తుంది. ముందు చట్రం కట్టుకుంటుంది, నడిమి నుంచి అంచులకు బండిచక్రం ఆకుల్లా దారాలు లాగుతుంది. వీటికి జిగురుండదు. ఆ తర్వాత బయటి నుంచి లోపలికి గుండ్రంగా తిరుగుతూ జిగురు దారం వేస్తుంది. అందుకే మీ పిల్లలకు ముందు గాట్ల మధ్య ఎదురెదురుగా దారాలు లాగడం, తర్వాత వాటి మీదుగా చుట్టడం నేర్పండి. నడిమి నుంచి బయటికి చుట్టడం చిన్న చేతులకు తేలిక కాబట్టి అలాగే చేయనివ్వండి, సాలీడు ఏమీ అనుకోదు.

మూడోది నిజంగా బాధపడాల్సిన విషయం. పైప్ క్లీనర్ల లోపల తీగ ఉంటుంది. ఈసారి వచ్చిన సరుకులో చివరలు మొనతేలి ఉన్నాయి. మేం ప్రతి ముక్కా చేత్తో తడిమి చూడాల్సింది, డిసెంబరు హడావుడిలో చూడలేదు. ఇద్దరు పిల్లలకు వేలికి గుచ్చుకుంది. ఆ రెండు ఇళ్లకూ డబ్బు తిరిగి పంపేశాం. మీ దగ్గర ఇంకా ఉంటే దయచేసి తీసి పారేయండి. వాటి బదులు లావు ఊలు తాళ్లు, సరిచేసిన కార్డులు ఈ వారమే పోస్టులో వస్తాయి, మీరు ఏమీ కట్టక్కర్లేదు. అచ్చు ఖర్చు మాకు తగిలింది కానీ నెల చందా పెంచడం లేదు.

ఇక తప్పు కాని ఒక ఫిర్యాదు. “మీ పెట్టె పుణ్యమా అని సంక్రాంతికి ఇంట్లో బూజు దులపనివ్వడం లేదు” అని ఎంతమంది నానమ్మలు, అమ్మమ్మలు ఫోన్లు చేశారో! మా ఇంట్లోనూ అదే గొడవ. మా అత్తగారు బూజుకర్ర పట్టుకుని స్టూలు ఎక్కితే మా అబ్బాయి స్టూలు కాళ్లు పట్టుకున్నాడు. ఆవిడే వాడికి అంతకు ముందు వారం శ్రీకాళహస్తి కథ చెప్పారు. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు, శివలింగం మీద గూళ్లు అల్లి కొలిచింది సాలీడు అని. “శివుడికి గూడు కట్టిన దాన్ని కర్రతో కొడతావా నానమ్మా?” అన్నాడు. చివరికి రాజీ ఏమిటంటే వంటింట్లో, దేవుడి గదిలో బూజు ఉండకూడదు, మెట్ల కింద మూల మాత్రం వాడిది.

ఆ మూలలో ఉండేది పొడుగు కాళ్ల సన్న సాలీడు. మీ ఇంట్లోనూ ఉంటుంది. చీపురుపుల్లతో గూటి అంచును మెల్లగా తాకి చూడండి. ఒక్కసారిగా ఒళ్లంతా గిరగిరా ఊపేసుకుంటుంది, ఫ్యాను రెక్కల్లా అలుక్కుపోయి అసలు కనబడదు. శత్రువును తికమక పెట్టడానికి అది చేసే పని అది. మా వాడు దీన్ని పదిసార్లు చేయబోతే రెండుసార్లతో ఆపించాను, దానికీ విసుగుంటుంది కదా.

గోడల మీద గూడు లేకుండా గెంతుతూ తిరిగే చిన్నది ఇంకా సరదా. దాని ముఖం మీద రెండు పెద్ద కళ్లు ముందుకు చూస్తుంటాయి. జానెడు దూరంలో వేలు మెల్లగా జరిపితే ఒళ్లు తిప్పి మీ వేలినే చూస్తుంది.

పెట్టెలో పెట్టలేనిది మాత్రం మా పెరట్లో దొరికింది. గన్నేరు చెట్టుకూ ప్రహరీగోడకూ మధ్య పెద్ద గూడు, నడుమ తెల్లటి వంకరటింకర దారంతో కుట్టిన గుణకారం గుర్తు. పసుపు చారల సాలీడు కాళ్లను రెండేసి చొప్పున జతచేసి, తలకిందులుగా దాని మీద కూర్చుంది. ఇంగ్లిషులో సిగ్నేచర్ స్పైడర్ అంటారు. ధనుర్మాసం పొద్దుటి మంచుకు దారాలన్నీ చుక్కలు చుక్కలుగా మెరిశాయి. మా వాడు ఎండుటాకు తునక ఒకటి గూటి మీద వేశాడు. అది గబుక్కున వచ్చి, ముందు కాళ్లతో తడిమి, తిండి కాదని తేలాక చుట్టూ దారాలు కొరికి ఆకును కిందికి పడేసింది. వెనక్కి వెళ్లి మళ్లీ తలకిందులుగా కూర్చుంది. వాడు అరగంట కదల్లేదు. వాడు అరగంట కదలకపోవడం నేను చూడడం అదే మొదలు. మీకు దొరికితే ఒక్క తునక చాలు, మళ్లీ మళ్లీ వేయకండి.

పొక్కుల గురించి చాలామంది టెన్షన్ పడుతున్నారు. సాలీడు పాకితే ఒంటి మీద పొక్కులు వస్తాయని మనందరి ఇళ్లలోనూ అంటారు. చాలాసార్లు ఆ మంటకు కారణం వానాకాలంలో దీపాల దగ్గరకు వచ్చే నారింజ, నలుపు రంగుల సన్నటి పురుగు. దాన్ని ఒంటి మీద నలిపితే అందులోని రసం తగిలి బొబ్బలొస్తాయి. అలాగని సాలీళ్లను చేత్తో పట్టుకోమని చెప్పను. చూడడమే మన పని. పెద్దవి, ఒంటినిండా వెంట్రుకలున్నవి కనబడితే దూరం. అమెరికాలో ఉండి ఇక్కడి నుంచి పెట్టె తెప్పించుకున్నవాళ్లు గరాజ్‌లో, కట్టెల గుట్టల్లో పిల్లల్ని చేతులు పెట్టనివ్వకండి, అక్కడ బ్లాక్ విడో లాంటివి ఉంటాయి.

చివరి కార్డు మీద ఉన్న నీలిరంగు సాలీడు గురించి గుత్తి నుంచి ఒకాయన గట్టిగా అడిగారు: “పుట్టినప్పటి నుంచి గుత్తిలోనే ఉన్నాను, ఒక్కటీ చూడలేదు. ఎక్కడుందండీ?” న్యాయమైన ప్రశ్న. 1899లో ఒక శాస్త్రవేత్త దాన్ని వర్ణించినప్పుడు నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. అందుకే గుత్తి పేరు పడింది. కలపతో పాటు వచ్చి ఉంటుందని అంటారు. బతికున్నవి కనబడింది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, చెట్టు తొర్రల్లో. ఆ నీలం రంగు పూసినది కాదు, వెంట్రుకల మీది అతి సూక్ష్మమైన అమరిక వెలుతురును అలా వెనక్కి పంపుతుంది. అంతరించిపోయే ప్రమాదం బాగా ఉన్న జాబితాలో ఉంది. కార్డు మీద ఇవేవీ రాయకుండా “గుత్తి సాలీడు” అని మాత్రం వేసి ఊరుకున్నాం. సరిచేసిన కార్డులో రెండు వాక్యాలు కలిపాం.

జనవరి పెట్టె చీమల మీద. పండగ ముందు కొరియర్లు కిటకిటలాడతాయి కాబట్టి కనుమ దాటాకే పంపుతాం. ఈసారి ప్రతి బొమ్మనూ అచ్చుకు ముందు కాకినాడ బాబుకు పంపిస్తున్నాం, వాళ్లమ్మగారు ఒప్పుకున్నారు. మొన్న పంపిన చీమ బొమ్మ మీద వాడు అప్పుడే పెన్సిల్‌తో ఒక చోట సున్నా చుట్టి పంపాడు.