తొట్లెకు తీసుకెళ్లే కానుక గురించి

సంపాదకులు గారికి నమస్కారములు.

నేను చాలా ఏళ్లు కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి, పదవీ విరమణ చేసి ప్రస్తుతం హన్మకొండలో ఉంటున్నాను. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున మా వైపు జరుపుకునే తొట్లెకు, అంటే బిడ్డను ఊయలలో వేసే వేడుకకు, దూరపు బంధువులు ఏం తీసుకెళ్లాలన్నది పత్రికకు రాయవలసినంత విషయమా అని కొందరికి అనిపించవచ్చు. కానీ ఆ కానుక వల్ల ఒక ఇంట్లో కలిగిన ఇబ్బందికి నేనే కారణమయ్యాను కనుక ఈ లేఖ రాస్తున్నాను.

మా అత్తగారి వైపు దూరపు వరుసలో నాకు కోడలయ్యే ఒక అమ్మాయి నర్సంపేట దగ్గరి ఊళ్లో ఉంటుంది. ఆమె భర్త ఆటో నడుపుతాడు. వాళ్లకు మొదటి బిడ్డ పుట్టినప్పుడు, ప్రేమతోనే, మేము వెండి కడియాలు పెట్టి వచ్చాము. మూడేళ్లకు మా ఇంట్లో మనుమడి తొట్లె జరిగితే ఆ దంపతులు వెండి గిన్నె పట్టుకొని వచ్చారు. అది కొనడానికి అతను నెల నెలా కడుతున్న చిట్టీని మధ్యలోనే నష్టానికి పాడుకున్నాడని ఆ తర్వాత వేరే వాళ్ల ద్వారా తెలిసింది. ఎందుకిలా చేశారని ఆ అమ్మాయిని అడిగితే, "మీరు వెండి పెట్టిన్రు, మేం ఉత్త బట్టలు పట్టుకొని ఎట్ల వస్తం అత్తమ్మా" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ గిన్నెను చూసినప్పుడల్లా నాకు అతని ఆటోనే గుర్తుకు వస్తుంది.

వెండి మొలతాడు, కడియాలు, ఉగ్గుగిన్నె వంటివి మేనమామ, అమ్మగారింటి వాళ్లు పెట్టడం ఆచారం. అది వాళ్ల ముచ్చట, వాళ్ల హక్కు కూడా. ఎప్పుడో పెళ్లిళ్లలో మాత్రమే కలుసుకునే మనలాంటి వాళ్లు అదే స్థాయిలో పెడితే మేనమామ కానుక చిన్నబోవడమే కాకుండా, పుచ్చుకున్నవాళ్ల నెత్తిన తిరిగి పెట్టవలసిన బాకీ పడుతుంది. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటిన తర్వాత పసిపిల్లలకు చిన్న ఉంగరం పెట్టడం కూడా దినకూలీ కుటుంబాలకు మోయలేని ఖర్చు అయింది. దానికి తోడు కట్నాల పుస్తకం ఒకటి ఉంటుంది. ఎవరు ఎంత రాయించారో అందులో చూసుకొని, రేపు వాళ్ల ఇంటికి అంతకు తగ్గకుండా తీసుకెళ్లాలని లెక్క వేసుకుంటున్నాము. పెళ్లిలో ఆ పుస్తకం అవసరమని వాదించేవారు ఉంటే ఉండవచ్చు గాని, ఇరవై రోజుల పసిగుడ్డు పేరు మీద ఖాతా తెరవడం మాత్రం నాకు ఏ విధంగానూ సబబుగా తోచడం లేదు.

ఇక ఖరీదు సంగతి పక్కన పెట్టి, బిడ్డకు పనికివచ్చేదీ రానిదీ అన్న కోణంలో చూస్తే, నర్సుగా నేను ముందుగా చెప్పవలసింది పాలసీసా గురించి. బిడ్డకు ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అవసరం లేదని వార్డులో ప్రతి తల్లికీ చెప్పి పంపించేవాళ్లం. మన దేశంలో పాలసీసాలకు, పాలపొడి డబ్బాలకు ప్రకటనలు చేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది. అయినా చూడడానికి వచ్చిన చుట్టాల చేతిలో మొదట కనిపించేది రంగురంగుల పాలసీసాల సెట్టే. ఇంట్లో సీసా ఉంటే, మూడో రోజునో నాలుగో రోజునో పాలు సరిపోవడం లేదని బాలింత బెంగపడినప్పుడు ఎవరో ఒకరి చెయ్యి దాని మీదికి వెళుతుంది. తేనె సీసా ఇవ్వడం కూడా మంచిది కాదు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకిస్తే, అరుదుగానైనా, దానిలోని సూక్ష్మక్రిముల వల్ల కండరాలు చచ్చుబడే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పౌడరు అవసరమే లేదు, ఆ దుమ్ము పసివాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. అసలు సబ్బు, నూనె, పౌడరు ఉన్న గిఫ్టు పెట్టెలు ఒక్కో ఇంట్లో నాలుగైదు చేరడం నేను చూశాను. 2017లో కేసీఆర్ కిట్టు మొదలైన తర్వాత సర్కారు దవాఖానలో కాన్పు అయిన తల్లులకు ఇవే వస్తువులు అక్కడే అందేవి. చుట్టాలు మళ్లీ అవే కొనుక్కొచ్చేవారు.

బొమ్మల విషయంలో 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయినా, జాతరల్లో, ఫుట్‌పాత్‌ల మీద ఆ గుర్తు లేనివి ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. పిల్లలు దొరికిన ప్రతి వస్తువునూ నోట్లో పెట్టుకుంటారు కనుక ఊడివచ్చే కళ్లు, బొత్తాలు, చిన్న బ్యాటరీలు ఉన్న బొమ్మలను ఎంత ముద్దొచ్చినా వదిలివేయాలి. కడియాలకు ఉండే మువ్వలకు కూడా ఇదే వర్తిస్తుంది. చక్రాల వాకర్‌ను చాలామంది గొప్ప కానుకగా భావిస్తారు. పిల్లలు దానితో సహా మెట్ల మీద నుంచి పడిపోతున్నారని కెనడా దేశం 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది.

మరి ఏమి తీసుకెళ్లాలి? నా ఉద్దేశంలో నూలుబట్టను మించినది లేదు. అయితే అందరూ అప్పుడే పుట్టిన బిడ్డ కొలతకే తెస్తారు. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ అయిదారు నెలలకు రెట్టింపు బరువు, ఏడాదికి సుమారు మూడింతల బరువు అవుతుంది కనుక మొదటి జతలు రెండు సార్లు తొడిగేసరికే బిగుతైపోతాయి. దూరపు బంధువులు ఆరు నెలల నుంచి ఏడాది మధ్య సరిపోయే కొలత తీసుకోవడం మేలు. తీసుకునేటప్పుడు ఆ నాటికి ఏ కాలం వస్తుందో కూడా చూసుకోవాలి. దసరాకు పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండేసరికి ఉగాది దాటి మన ఎండలు మొదలవుతాయి. అప్పుడు చేతులు లేని పలుచని నూలు జుబ్బాలు కావాలి గాని, జరీ అంచులు, నెట్టు గుడ్డ కుచ్చులు ఉన్న గౌన్లు వేస్తే మెడ చుట్టూ చెమటకాయలు లేస్తాయి. రెడీమేడ్ వద్దనుకుంటే నాలుగైదు మీటర్ల మెత్తటి మల్లు గుడ్డ కొని ఇస్తే, దాన్ని పొత్తిగుడ్డలుగా చించుకుంటారు, మిగిలింది ఒళ్లు తుడవడానికి పనికివస్తుంది. ఆ గుడ్డ పెద్ద ఖరీదూ కాదు, పుచ్చుకున్నవాళ్లకు తిరిగి ఎంత పెట్టాలన్న దిగులూ ఉండదు.

ఊరు విడిచి దూరం వెళ్లిన బంధువులకైతే నేను ఇంకొకటి సూచిస్తాను. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు మగ్గం పని వెతుక్కుంటూ భివండీకి, సూరత్‌కు వెళ్లి అక్కడే స్థిరపడ్డాయి. అక్కడ పుట్టిన మనుమలకు మన కొత్తవాడ నేతగాళ్లు నేసిన నూలు జంపఖానా పంపించి చూడండి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బిడ్డ బోర్లా పడే రోజుల నుంచి, బడికి వెళ్లి ఇంటికొచ్చి కూర్చొని రాసుకునే రోజుల దాకా అది ఉతుక్కుంటూ వాడుకోవచ్చు. భివండీలో ఉన్న మా చిన్నాయన మనుమడికి నేను అదే పంపాను. దాన్ని విప్పగానే తమ నాయన మగ్గం గుర్తొచ్చిందని మా చిన్నాయన కొడుకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడాడు.

బాలింతను కూడా మరచిపోవద్దని నా మనవి. అందరూ బిడ్డను చూసి వెళ్లిపోతారు. రాత్రంతా మేలుకొని పాలిచ్చే తల్లికి ముందు వైపు గుండీలున్న నూలు నైటీ ఒకటి ఇచ్చినా ఎంతో పనికివస్తుంది. మరొక్క మాట. రెండోసారి కూడా ఆడపిల్లే పుట్టిందంటే తొట్లెకు వచ్చే చుట్టాలూ, తెచ్చే కానుకలూ తగ్గిపోవడం నేను చాలా ఇళ్లలో గమనించాను. మంచం మీద ఉన్న తల్లి దాన్ని గమనించదని అనుకోకండి, ఆమె ప్రతి ఒక్కటీ లెక్కపెట్టుకుంటుంది.

వెళ్లే ముందు ఒకసారి ఫోను చేసి ఏం కావాలో అడగడంలో నామోషీ ఏమీ లేదు. నెలలు నిండకుండా తక్కువ బరువుతో పుట్టి బిడ్డ ఇంకా దవాఖానలోనే ఉంటే ఆ ఫోను మరింత అవసరం. అప్పుడు వాళ్లకు బట్టల కంటే అన్నం క్యారియరో, చేతి ఖర్చుకు ఐదు వందల పదహారు రూపాయలో ఎక్కువ ఆదుకుంటాయి.

వచ్చే నెలలో మా ఇంట్లో మనుమరాలి తొట్లె ఉంది. కట్నాల పుస్తకం పెట్టకూడదని ఇంట్లో అందరం నిర్ణయించుకున్నాము. నర్సంపేట వైపు ఉన్న ఆ అమ్మాయికే మొదటి ఫోను చేశాను. వాళ్ల అత్త పాత చీరలతో బొంతలు బాగా కుడుతుందని విన్నాను కనుక, మెత్తబడిన పాత నూలు చీరలతో చిన్న బొంత ఒకటి కుట్టించి తెమ్మని, మరేమీ తేవద్దని అడిగాను. "తప్పకుండా తెస్తం అత్తమ్మా, బిడ్డ పండుకునేంత కుట్టిస్తం" అని ఆమె సంతోషంగా చెప్పింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హన్మకొండ.