టమాటా పేస్టు పంచాయితీ

అరేయ్ మాస్టరూ,

నేను ఉత్తరం రాయట్లేదని అలిగావట, మీ తమ్ముడు చెప్పాడు. అలుగు, కానీ ముందు ఇది చదువు. ఇక్కడ అందరం బాగున్నాం, నాన్న మోకాలు నయం, మీ ఇంటి స్లాబు వేయడం అయిపోయింది, చూసొచ్చాను. ఇక అసలు సంగతి.

అక్కావాళ్లు సెలవులకు వచ్చారు. కోడలుపిల్ల పాస్తా చేస్తానని పట్టుబట్టింది. రాసుకొచ్చిన చిట్టీలో ‘టమాటా పేస్ట్, రెండు టేబుల్ స్పూన్లు’ అని ఉంది. నీకైతే దుబాయ్‌లో ఏ బకాలాలో, అదే కిరాణా కొట్లో, అయినా గుప్పిట్లో పట్టే డబ్బాలు దొరుకుతాయి. ఇక్కడ హన్మకొండ చౌరస్తాలో ఒక కొట్టాయన ప్యూరీ, అదే పల్చటి టమాటా గుజ్జు, ప్యాకెట్ చేతిలో పెట్టి, “అదే ఇది సార్, పేరే వేరు” అన్నాడు. అదెట్లా అవుతుంది? మన ఆహార నిబంధనల ప్రకారం ప్యూరీలో నీళ్లు పోగా మిగిలే సరుకు కనీసం 9 శాతం ఉంటే చాలు, పేస్టులో 25 శాతం ఉండాలి. అంటే చెంచా పేస్టు బదులు దాదాపు మూడు చెంచాల ప్యూరీ పోసి, బాగా ఇగరబెట్టాలి. అయినా ప్యాకెట్ తెచ్చాను, ఖాళీ చేతులతో వెళ్తే అక్క ఊరుకోదు.

ఇంటికొచ్చేసరికి బావ ఫ్రిజ్‌లోంచి కెచప్ సీసా తీసి నిలబడ్డాడు. “ఇది గూడ టమాటనే కద అత్తమ్మా!” అందులో చక్కెర, వెనిగర్ ఉంటాయి, పాస్తా తియ్యగా అవుతుందని పిల్ల మొత్తుకుంటోంది. అల్లుడి చేతిలో సీసా లాక్కోలేక అమ్మ, “మీరు కూసోండ్రి” అంది. ఆ గొంతు నీకు తెలుసు. పరీక్షల ముందు రోజు రాత్రి, ఆ దోసకాయ... సరే, వద్దులే.

ప్యూరీ ప్యాకెట్ వైపైతే అమ్మ చూడను కూడా లేదు. కుమార్‌పల్లి మార్కెట్ నుంచి తెచ్చిన హైబ్రిడ్ కాయలు తీసింది. నాటు టమాటా చారుకు బాగుంటుంది గానీ పేస్టుకైతే రసం ఎక్కువ, ఇగిరేసరికి తెల్లారుతుందట. ఉడికించి, తోలు గింజలు పోయేలా జల్లెడ పట్టి, అడుగు మందం స్టీలు గిన్నెలో సన్నసెగ మీద పెట్టింది. ఇనుప మూకుడు వద్దంది, పులుపుకు నల్లబడుతుంది. కలుపుతుంటే బుడగలు చిట్లి నా మోచేతి దాకా ఎగిరాయి. గరిటెతో అడుగున గీత గీస్తే అది పూడకుండా అలాగే నిలవాలి, అప్పుడు దించాలి. కిలో పైన కాయలు పోస్తే చిన్న గిన్నెడు ముద్ద కూడా రాలేదురా!

రంగు మాత్రం డబ్బాలో దానిలా లేదని పిల్ల మూతి ముడిచింది. అప్పుడు అమ్మ లోపలికెళ్లి పచ్చడి కోసం దాచిన చపాటా మిర్చి తెచ్చింది. అదే, మన టమాటా మిర్చి. 2025లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గింజలు తీసి, వేడినీళ్లలో నానబెట్టి, మెత్తగా రుబ్బి ముద్దలో కలిపింది. కారం అంతంతే, ఎరుపు మాత్రం ఎవరైనా ఆగి చూడాల్సిందే. తర్వాత ఆ ముద్దను ఊరికే కలిపేయకుండా వెల్లుల్లి వేసిన నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించింది. టమాటా ఎరుపు నూనెలోకి దిగుతుంది కదా, నూనె తేలేసరికి పొయ్యి చుట్టూ చేరాం అందరం.

పాస్తా అదిరింది. చివర్లో పిల్ల అటు తిరగ్గానే అమ్మ పుదీనా చల్లేసింది, అది వేరే కథ. “బగారా పాస్తా” అని పేరు పెట్టుకుని బావే రెండోసారి వడ్డించుకున్నాడు. కెచప్ ఊసే లేదు!

నన్నడిగితే మన కూరలకు తాజా టమాటానే సరి. నీళ్లు వద్దనుకునే కోడి వేపుడుకు, గుడ్డు కూరకు మాత్రం ఈ ముద్ద వేయి. మిగిలింది ఐసు ట్రేలో గడ్డ కట్టించాం, కావాల్సినప్పుడు ఒక్కటి వేసుకోవచ్చు. నువ్వు కూడా డబ్బా తెరిచాక మిగిలింది అందులోనే ఉంచకు. గాజు సీసాలోకి తీసి, పైన కాస్త నూనె పోసి ఫ్రిజ్‌లో పెట్టు. ఎవరికి చెప్తున్నానో! రూమ్‌లో మాకు వండిపెట్టింది నువ్వే కదా. నువ్విక్కడ ఉంటే ఆ గరిటె నాకు దక్కేదా. ఒక్కోసారి సాయంత్రాలు ఏమీ తోచదు మాస్టరూ, భద్రకాళి చెరువు కట్ట మీదకు ఒక్కణ్ణే...

బావ కింద హారన్ కొడుతున్నాడు, కాజీపేటలో రైలుకు టైమైంది. మిగతా సంగతులు ఫోన్లో చెప్తా.

నీ
ఉల్లిగడ్డల ఇన్‌చార్జి