పందికొక్కులకి పేస్టు పెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

వానలు పడ్డాయంటే మా పటమట వైపు పెరళ్లలో పందికొక్కుల గొడవ మొదలవుతుంది. సైడు కాలవలు నిండి కలుగులు మునిగితే అవన్నీ ఇళ్ల మీదికి ఎక్కుతాయి. కంద, చేమ, అరటి దుంపలు కింద నుంచే కొరికేస్తాయి, పైన ఆకు వాడేదాకా మనకి తెలీదు. ప్రహరీ పక్కన బుట్టెడు మట్టి తవ్విపోసి ఉందంటే పునాది గుల్లవుతున్నట్టే.

దానికి అందరూ చేసేది ఒకటే, కొట్టుకెళ్లి ఎలుకల పేస్టు తెచ్చి టమాటా ముక్కకి పూసి మూలన పెట్టడం. పిల్లలు తిరిగే ఇంట్లో ఇదేం పనండీ! ఎల్లో ఫాస్ఫరస్ ఉన్న పేస్టు కడుపులోకి పోతే విరుగుడే లేదు, ముందు బాగానే ఉన్నట్టు కనపడి తర్వాత లివర్ దెబ్బతింటుంది. బ్రోమాడియోలోన్ అనే ఇంకో రకం ఎలుకల మందు బిళ్లలకి విటమిన్ కె1 విరుగుడుంది కాబట్టి కాస్త నయం. కానీ అది తిన్న పందికొక్కు వెంటనే చావదు, కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది, దాన్ని పట్టి తిన్న పిల్లికో గుడ్లగూబకో ఆ విషం ఎక్కుతుంది. ఎలుకల్ని పట్టే గుడ్లగూబని మనమే చంపుకుని మళ్లీ ఎలుకలు పెరిగాయని ఏడవడం ఎందుకు?

బోనే మేలు. సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసేయండి, పొద్దున మళ్లీ తవ్వి ఉన్న కన్నం దగ్గరే పెద్ద ఇనప బోను పెట్టాలి. కొత్త వస్తువంటే వాటికి మహా అనుమానం, అందుకని ఒకటి రెండు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి ఎండుచేపో పకోడీయో అలవాటు చేసి, ఆ తర్వాత బిగించండి. చేతులకి గ్లౌజులు, కాళ్లకి చెప్పులు తప్పనిసరి, వాటి మూత్రం కలిసిన నీళ్ల వల్లే ఎలుక జ్వరం వస్తుంది. పొడుగు ముక్కుతో కంపు కొట్టే చుంచు పడితే మాత్రం వదిలేయండి, పాపం అది పురుగులు తినేది, దుంపల జోలికి రాదు.

ఇదంతా ఒక్క ఇంట్లో చేస్తే పక్కింటి గోడ కింద నుంచి మళ్లీ వస్తాయి, వీధంతా ఒకే వారంలో చేయాలి. మిగిలిన అన్నం రాత్రిపూట కాలవలో పోయడం ముందు ఆపాలి, మా వీధి చివర హోటల్ వాళ్లతో సహా. పగిలిన కాలవ పలకలు మార్పించడం, వార్డుకి కొన్ని బోన్లు అద్దెకైనా ఇప్పించడం అధికారులకి పెద్ద ఖర్చేం కాదు, వానలు ముదరకముందే ఆ పని చూడమని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను.

ఒక పాఠకురాలు,
పటమట, విజయవాడ