సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించే వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. మన భవన నిర్మాణ కార్మికుల సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పి విసిగించను. ఏడాదికోసారి కార్యదర్శి నివేదిక చదవాలని నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. చేసిన పని నలుగురికీ తెలియాలన్న ఆశ కూడా ఉంది, దాచడమెందుకు.

కార్యవర్గం నెలనెలా కలిసింది, రెండుసార్లు కోరం లేక వెనుదిరిగింది. సభ్యత్వ కార్డులు పంచాం. కంటి పరీక్షల శిబిరం పెట్టాం. ఇవి మీరు చూసినవే.

ఈ ఏడు గట్టిగా చెప్పుకోవలసింది మన పనిమాటల సేకరణ, దాని చివర పెట్టిన పనిముట్ల ప్రదర్శన. నిజానికిది కోపంతో మొదలైంది. రాయలసీమ నుంచి వచ్చిన మన సభ్యుడొకరు కార్మికుడిగా పేరు నమోదు చేయించుకోవడానికి వెళ్లాడు. ఏం పని అంటే బేల్దారి పని అన్నాడు, అంటే తాపీ పని. కౌంటర్లో ఉన్నాయనకు ఆ మాట తెలియదు, అడగనూ లేదు, ‘మామూలు కూలి’ అని రాసేశాడు. ఇరవయ్యేళ్లుగా గోడలు కడుతున్న మనిషి! గడిచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసినట్టు కాగితం తేవాలన్న షరతు 1996 నిర్మాణ కార్మికుల చట్టం నాటి నుంచీ ఉంది. దాన్ని మాత్రం పొల్లుపోకుండా అడుగుతారు. పని పేరు సరిదిద్దమని మూడు అర్జీలు పెట్టాం. ఉలుకూ పలుకూ లేదు.

మన మాటలు మనమే రాసి పెట్టుకుందామని అప్పుడే అనుకున్నాం. 1962లో భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు సేద్యం మాటలతో వృత్తిపదకోశం తెచ్చారు. తర్వాత బూదరాజు రాధాకృష్ణ గారు ఇల్లు కట్టే మాటలూ కూర్చారు. అప్పటికీ ఇప్పటికీ సైటు చాలా మారింది. కాంక్రీటు కలిపే మిక్సర్‌ని మనలో ఎవరైనా మిక్సర్ అంటారా? మిల్లర్ అనే కదా!

పదాల ఉపసంఘానికి పేర్లిచ్చినవాళ్లకు కొదవ లేదు. తెల్లారుజామున కూలీలు పనికోసం నిలబడే అడ్డా దగ్గరికి రమ్మంటే వచ్చింది నేనూ, కోశాధికారి గారి అమ్మాయీ. మిగతావాళ్ల పేర్లు చదవను, వాళ్లిప్పుడు ముందు వరసలోనే కూర్చున్నారు.

ప్రదర్శన రోజు బల్ల మీద మొదట పెట్టింది గునపం. గునపం అనగానే తెలంగాణ వాళ్లు లేచి గడ్డపార అన్నారు, ఇంకో మూల నుంచి పలుగు అని వినబడింది. మూడూ రాసుకున్నాం, అయినా వాదన టీల దాకా సాగింది. మేస్త్రి, గమేళా (సిమెంటు మాలు మోసే తట్ట) రెండూ పోర్చుగీసు నుంచి వచ్చిన మాటలని రిటైరైన మాస్టారు చెబితే సభ నోరు వెళ్లబెట్టింది. బేల్దార్ అంటే పారసీలో పార పట్టినవాడట. మన దగ్గరికొచ్చి తాపీ పట్టాడు. ఆ లెక్కన కౌంటర్లో ఆయన పారసీ అర్థం రాశాడనుకుని సరిపెట్టుకోవాలేమో!

అందరికంటే పెద్ద మేస్త్రి గారు గోడ నిలువు చూసే తూకం గుండు తీశారు. దాని తాడుకున్న చెక్కను ఆఫీసు గోడ పైభాగానికి ఆనించి, గుండును నేలకు జానెడు ఎత్తు దాకా వదిలారు. ‘ఆగేదాకా ఎవరూ మాట్లాడొద్దు’ అన్నారు. చెక్కా గుండూ ఒకే వెడల్పు కాబట్టి గోడ నిలువుగా ఉంటే గుండు తగిలీ తగలనట్టు వేలాడాలి. ఊగడం ఆగింది. గుండుకీ గోడకీ మధ్య వేలు దూరేంత సందు. ‘పైన ముందుకొచ్చింది’ అని తేల్చేశారు. ఆ గోడ కట్టించింది మన ఉపాధ్యక్షుల వారే. ఆయన మంచినీళ్లకని బయటికెళ్లి చాలాసేపటికి గానీ రాలేదు.

నోటుపుస్తకం తిరగేస్తుంటే ఒకటి కనబడింది. మగవాళ్లకు పెద్ద మేస్త్రి, చిన్న మేస్త్రి, గుంపు మేస్త్రి అని మెట్లు మెట్లుగా పేర్లున్నాయి. మాలు కలిపి, గమేళా నెత్తిన పెట్టుకుని పరంజా ఎక్కే ఆడవాళ్లకు మొదటి రోజూ కూలే, ముప్పయ్యేళ్ల తర్వాతా కూలే. ఈ సంగతి సభలో లేపింది కూడా ఓ సభ్యురాలే. జవాబు ఎవరి దగ్గరా లేకపోయింది. నా దగ్గరా లేదు.

ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి రాలేదు. ఆయన కోసం తెచ్చిన శాలువాను మాస్టారికి కప్పాం, బాగా నప్పింది.

హాలిచ్చిన పాఠశాల వారికి, మైకు అద్దె వద్దన్న సోదరుడికి, పనిముట్లు మోసుకొచ్చిన సెంట్రింగ్, రాడ్ బెండింగ్, వడ్రంగి మిత్రులకు, భోజనాలు చూసుకున్న మహిళా విభాగానికి, బ్యానరు రాసిచ్చిన పెయింటర్ తమ్ముళ్లకు, కుర్చీలు సర్దిన పిల్లలకు పేరుపేరునా కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోతే క్షమించండి.

జమాఖర్చుల పట్టిక చివర జతచేశాం, కోశాధికారి గారి సంతకం ఉంది. చందాల బకాయిలు చాలా ఉన్నాయి, అంతకుమించి చెప్పను.

పదాల నోటుపుస్తకం ఆఫీసు బీరువాలో ఉంది. దిద్దదలచినవాళ్లు పెన్సిల్‌తో దిద్దండి, కాగితాలు చింపకండి. ప్రదర్శనకు తెచ్చిన రెండు తాపీలు, మట్టం చూసే రసమట్టం ఒకటీ ఇంకా ఆఫీసులోనే పడున్నాయి. ఎవరివో వచ్చి పట్టుకెళ్లగలరు.

ఇట్లు,
కార్యదర్శి