నేనూ మా పాపా మీ వైపు వస్తున్నాం

ఒరేయ్,

ఎలా ఉన్నావ్‌రా, వదినా పిల్లలూ బాగున్నారా? ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఇది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా. దసరా సెలవుల్లో నేనూ మా పాపా కార్లో హైదరాబాద్ నుంచి మీ నంద్యాల మీదుగా గండికోట దాకా వెళ్దామనుకుంటున్నాం, మీ చెల్లెమ్మకి సెలవు దొరకలేదు.

పోయినేడు పాపని ఒక రిసార్టుకి తీసుకెళ్లి రెండు రోజులకి 22 వేలు పోశాం, అదేమో ఏసీ వేసుకుని ఫోన్ చూస్తూ పడుకుంది, తిరిగొచ్చేటప్పుడు నాలుగు గంటల దారిలో ఒక్క మాట లేదు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుందిరా. చిన్నప్పుడు నా భుజం దిగేది కాదు, నువ్వు చూశావుగా. అందుకే ఈసారి పదివేలు దాని చేతికిచ్చి, నాలుగు రోజులు, ఇందులోనే వెళ్లి రావాలి, ఎలాగో నువ్వే చెప్పు అన్నా.

రెండ్రోజులు పట్టించుకోలేదు. మూడో రోజు రాత్రి పదకొండింటికి లెక్కల నోట్‌బుక్ వెనక పేజీ తెరిచి నా పక్కన కూర్చుంది. అటూ ఇటూ కలిపి వెయ్యి కిలోమీటర్లు, మన బండి లీటరుకి 18 ఇస్తుంది, అంటే పెట్రోలుకే ఆరువేలు నాన్నా, మిగతా నాలుగువేలలో ఎలా అంది. పేజీ కింద పెన్సిల్‌తో "ముట్టుకోకూడదు 800" అని రాసి రెండు గీతలు కొట్టింది, టైరు పంచరైతేనో, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతేనో అట. ఆ రెండు గీతలు చూసి నాకెంత సంతోషమేసిందో చెప్పలేనురా.

ఇంకోటి అడిగింది, దార్లో బాత్రూములు ఎక్కడుంటాయి అని. నాకసలు తట్టలేదు. మనం కర్నూల్లో చదివేప్పుడు బస్సులెక్కి ఊళ్లు తిరిగినప్పుడు మనకా బాధే లేదు, ఆడపిల్లకి అదే మొదటి ప్రశ్న. ఇప్పుడు మ్యాపులో ముందు పెట్రోల్ బంకులు, హరిత హోటళ్లు గుర్తు పెట్టుకుని దాన్నిబట్టి ఎక్కడ ఆగాలో రాసుకుంటున్నాం.

మొదటి రోజు తెల్లారుజామునే బయల్దేరి మన్ననూరు మీదుగా శ్రీశైలం, అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు కాబట్టి వెలుతురులోనే నల్లమల దాటేయాలి. నవరాత్రుల్లో శ్రీశైలంలో రూములు దొరకడం కష్టం, డ్యామ్ చూసుకుని దోర్నాల, ఆత్మకూరు మీదుగా రాత్రికి మీ ఇంటికి వచ్చేస్తాం. తిండికి చింతపండు పులిహోర కట్టిస్తానంది మీ చెల్లెమ్మ, అది రాత్రిదాకా ఉంటుంది.

రెండో రోజు పొద్దున్నే మహానంది, తర్వాత బెలూం గుహలు, సాయంత్రానికి గండికోట. యాగంటి కూడా పెడదామన్నా, అన్నీ ఒకే రోజు పెడితే ఏదీ చూసినట్టుండదు నాన్నా అని కొట్టేసింది, నిజమే కదా. బెలూం గురించి నాకే పాఠం చెప్తోంది, 3229 మీటర్ల పొడవట, ఒకటిన్నర కిలోమీటరు దాకానే లోపలికి వెళ్లనిస్తారట, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ జియాలజిస్టు దీని గురించి రాశాడట. లోపల ఉక్కపోత, కాటన్ బట్టలే వేసుకోమన్నా.

గండికోటలో అద్దె టెంటు తీసుకుని పడుకుంటే పొద్దున సూర్యుడు వచ్చేసరికి పెన్నా లోయ దగ్గరుండొచ్చు. నాకు భయమల్లా ఆ అంచే, చాలాచోట్ల కంచె ఉండదు, ఎర్ర బండలు ఒకదానిమీదొకటి పేర్చినట్టు నేరుగా కిందికి దిగిపోతాయి. సెల్ఫీ కోసం ముందుకెళ్లనని ఒట్టు వేయించుకున్నా. మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచే చూడొచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. మూడో రాత్రి కర్నూల్లో మా పెద్దమ్మ వాళ్లింట్లో, పొద్దున కొండారెడ్డి బురుజు చూసి హైదరాబాద్.

మీ ఇంట్లో మాకు మేడమీద రెండు చాపలు చాలు, వదినని హైరానా పడొద్దని చెప్పు, జొన్నరొట్టె మాత్రం దానికి చేయడం నేర్పమను, అడుగుతోంది. మహానంది కోనేట్లో మనిద్దరం అప్పుడు దిగినప్పుడు నీళ్లలో కాలివేళ్లు కూడా కనిపించాయి గుర్తుందా, అది దానికి చూపించాలిరా. నువ్వూ రావాలి, తెల్లారి ఐదున్నరకల్లా. ఆ రోజు సెలవు పెట్టుకో, తేదీ రెండ్రోజుల్లో చెప్తా, అది ఇంకా లెక్క చూస్తోంది.